ఎవరి చేతి నాటు

సంతోషమ్మను మనం పోయినవారం కొత్తపాలెం విత్తనాల ఫారంలో, ఆరో నంబరు మడిలో, నడుమెత్తు పైరు మధ్య నిలబెట్టి వచ్చేశాం. వారం పాటు ఒక ఆడమనిషిని అలా బురదలో నిలబెట్టడం న్యాయం కాదని నాకూ తెలుసు. ఏం చెయ్యను, పత్రికవాళ్ళు నాకిచ్చిన పేజీలు అక్కడికి అయిపోయాయి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారు కంగారు పడనక్కర్లేదు, సంగతి చిన్నదే. చల్లపల్లికి అవతల, కాలవగట్టు పక్కన, రైతులకిచ్చే వరి విత్తనం పండించే సర్కారు ఫారం అది. పర్మినెంటు కూలీలు పద్నాలుగు మంది. పద్నాలుగు మందీ మగవాళ్ళే. అందులో పదకొండు మంది గుడివాడ వైపు వాళ్ళు, ముగ్గురు చల్లపల్లి వాళ్ళు. మరి ఊడ్పులు ఊడ్చేదెవరు, కలుపు తీసేదెవరు, కేళీలు ఏరేదెవరు అంటే, దివిసీమ నుంచి బస్సెక్కి వచ్చే ఆడవాళ్ళ ముఠా. కేళీ అంటే మన రకంలో కలిసిపోయిన పరాయి రకం దుబ్బు. విత్తనం మడిలో కేళీలు మిగిలాయంటే ఆ పంట విత్తనానికి పనికిరాదు, తిండిగింజల కింద పోవాల్సిందే. ఇంత ముఖ్యమైన పని చేసే ఆడవాళ్ళ పేర్లు మాత్రం పని ఉన్నన్నాళ్ళే కాగితం మీద ఉంటాయి. ఊడ్పులైపోతే పేరూ అయిపోతుంది. పనికి దివిసీమ, పోస్టుకి గుడివాడ. నలభై ఏళ్ళుగా ఇదే వరస, ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు.

తొంభై ఎనిమిది వేసవిలో ప్రసన్నలక్ష్మిగారు సూపరింటెండెంటుగా వచ్చారు. ఆవిడ అంతకుముందు పనిచేసిన మెట్టజిల్లా ఫారంలో పర్మినెంటువాళ్ళలో సగం మంది ఆడవాళ్ళేనట. ఇక్కడెందుకు లేరని వచ్చిన రోజే అడిగారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న ఫారం మేనేజరు కొండలరావుగారు దానికి తడుముకోకుండా జవాబు చెప్పారు: "అక్కడ మగాళ్ళు వలసపోతారండీ, అందుకని ఆడాళ్ళు మిగిలారు. ఇక్కడ కాలవ నీళ్ళున్నాయి, మగాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. నెల జీతం ఉన్నచోట మగాడుంటాడండీ." పైగా ఇక్కడ పోస్టుకి పరీక్ష అంటే ధాన్యం బస్తా వీపు మీద వేసుకుని గోడౌను మెట్లెక్కడం. ప్రసన్నలక్ష్మిగారు జిల్లా ఆఫీసుతో మూడు నెలలు పోట్లాడి ఆ పరీక్ష మార్పించారు. బస్తా కాదు, కేళీ. ఉన్న పోస్టు ఒక్కటి. వయసు నలభై దాటకూడదు. సంతోషమ్మకు వచ్చే ఫిబ్రవరికి నలభై నిండుతాయి. పదహారేళ్ళుగా ఆ ఫారంలో వంగిన నడుముకి ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరుదీ.

పరీక్ష ఇలా పెట్టారు. ముందురోజు సాయంత్రం ప్రసన్నలక్ష్మిగారూ, జిల్లా నుంచి వచ్చిన విత్తనాల అధికారి వెంకటస్వామిగారూ ఇద్దరే మడిలోకి దిగి, ఇరవై పరాయి దుబ్బులు అక్కడా అక్కడా నాటి, ఏది ఎక్కడుందో కాగితం మీద గీసి కవరులో పెట్టి సీలు వేశారు. గంటలో వాటిని పట్టుకోవాలి. మంచి దుబ్బులు పదికి మించి పీకితే పరీక్ష పోయినట్టే. బంగార్రాజు అనే గుడివాడ కుర్రాడు పదకొండు పట్టాడు. ఇంకో కుర్రాడు తోమాసు తొమ్మిది. సంతోషమ్మ గంట కాగానే ఒడినిండా దుబ్బులతో తిరిగి చూసింది. కొండలరావుగారు లెక్కపెట్టారు. అరవై మూడు.

పెట్టినవి ఇరవై, పీకినవి అరవై మూడు. అక్కడ ఆపాం. ఇప్పుడు గట్టెక్కిద్దాం.

*

"చూశారా మేడమ్," అన్నారు కొండలరావుగారు. ఆయన గొంతులో సంతోషం లేదు, నిజం చెప్పాలంటే కాస్త జాలే ఉంది. "కంగారులో చేతికందినదల్లా పీకేసింది. నలభై మూడు మంచి దుబ్బులు. ఇక రాయడానికేముంది?"

మూడు నెలల పోట్లాట ప్రసన్నలక్ష్మిగారి కళ్ళముందే కుప్పై పడి ఉంది. గట్టు మీద ముఠా ఆడవాళ్ళు పది మంది దాకా నిలబడ్డారు. వాళ్ళ పెద్ద అంకమ్మ నోట్లో చుట్ట ఆరిపోయి చాలాసేపయింది.

సంతోషమ్మ గట్టెక్కి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, దుబ్బుల్ని రెండు కుప్పలుగా విడదీసింది. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

"ఈ చిన్న కుప్ప మీరు పెట్టిందండీ," అంది వెంకటస్వామిగారితో. "ఇరవై ఉన్నాయో లేదో చూసుకోండి. ఈ పెద్ద కుప్ప మీరు పెట్టింది కాదు."

వెంకటస్వామిగారికి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. ఎన్నో ఫారాలు చూసిన మనిషి, తొందరగా దేనికీ ఆశ్చర్యపోరు. జేబులోంచి కవరు తీసి, సీలు చింపి, పటం విప్పారు. చిన్న కుప్పలో ఇరవై ఉన్నాయి. ఒక్కొక్క దుబ్బూ చూపించి ఇది ఎక్కడిదని అడిగారు. "తూము పక్కన", "మూడో బాట దాటాక", "వంగిన తాటిచెట్టుకి ఎదురుగా" అని చెప్పుకుంటూ పోయింది. ఆయన పటం మీద వేలు కదుపుకుంటూ పోయారు. పద్దెనిమిదో దుబ్బు దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవైయో దుబ్బు దగ్గర పటం మడిచేశారు.

"వీటిని విడిగా ఎలా పెట్టావమ్మా? మేం నాటామని నీకెలా తెలుసు?"

"వేరు చూడండి. పాత మట్టిముద్ద చుట్టూ కొత్త బురద అంటుకునుంది. వేరింకా పట్టలేదు. పీకితే వచ్చేసింది పాపం. ఈ పెద్ద కుప్పలోవి అలా కాదండీ, పీకితే నా చేతులు కోసుకుపోయినయ్యి. ఇవి ఊడ్పుల నాడే పడ్డాయి."

"పడ్డమేంటి," అన్నారు కొండలరావుగారు. "ఆ మడి మొత్తం స్వర్ణ రకం. నేను దగ్గరుండి నారు పోయించాను. అవి మంచి దుబ్బులే, నువ్వు పొరబడ్డావు."

"స్వర్ణ కాదండీ ఇవి."

అంత నెమ్మదిగా అంది. వాదించే గొంతు కాదు. అన్నంలో రాయి ఉందని చెప్పినట్టు చెప్పింది.

వెంకటస్వామిగారు గట్టు మీద గొంతుక్కూచున్నారు. పెద్ద కుప్పలోంచి ఒక దుబ్బు తీసి, పిలక విడదీసి, ఆకుతొడుగుని గోటితో చీల్చారు. పక్కన మంచి స్వర్ణ దుబ్బు ఒకటి తెప్పించి అదీ చీల్చారు. జేబులోంచి భూతద్దం తీశారు. చాలాసేపు చూశారు. తరవాత భూతద్దాన్ని ప్రసన్నలక్ష్మిగారి చేతికిచ్చారు. స్వర్ణ ఆకుతొడుగు లోపల తెల్లగా ఉంది. రెండోదాని లోపల వెంట్రుకంత సన్నటి ఊదారంగు గీత ఉంది. భూతద్దం తీసేస్తే ఆ గీత లేదు.

"ఇది మన ట్రయలు మళ్ళలో పరీక్షకి వేసిన పదిహేడో నంబరు రకం," అన్నారు వెంకటస్వామిగారు నిదానంగా. "స్వర్ణకీ దీనికీ తేడా ఈ గీత ఒక్కటే. పుస్తకంలో చదివాను గానీ మడిలో పట్టుకున్న మనిషిని చూడలేదు."

నలభై మూడూ చీల్చారు. నలభై మూడింటిలోనూ గీత ఉంది.

బంగార్రాజు అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోస్టు పోతోందని వాడికి అర్థమైంది. అయినా వాడన్న మాట రాయకుండా ఉండలేను. "నేను ఆ వరసలోంచి రెండుసార్లు నడిచానక్కా. నాకేం కనపడలేదు. నీకెలా కనపడింది?"

"కనపడదురా అబ్బాయ్. నాకూ కనపడదు. చెయ్యి పెట్టాలి." సంతోషమ్మ గట్టు వారనున్న దుబ్బులోకి చెయ్యి పోనిచ్చి, ఆకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కిందినుంచి పైకి లాగింది. "స్వర్ణ అయితే ఇట్టా లాగినప్పుడు గీరుకుంటది. ఇది మెత్తగా జారిపోద్ది. పొట్ట మీదున్నప్పుడే తెలుస్తుందండీ, ఈని వెన్ను బయటపడితే రెండూ ఒకలాగే గీరతాయి."

ప్రసన్నలక్ష్మిగారు వంగి తానూ లాగి చూశారు. మొదటిసారి ఏమీ తెలియలేదు. రెండోసారీ తెలియలేదు. మూడోసారి కళ్ళు మూసుకుని లాగారు. వ్యవసాయంలో ఎమ్మెస్సీ చదివి, పన్నెండేళ్ళ సర్వీసున్న ఆవిడకి, వేలి చివర ఏదో సన్నటి తేడా ఒక్క క్షణం తగిలి పోయింది. కళ్ళు తెరిచి సంతోషమ్మ చేతుల వంక చూశారు. నీళ్ళకి నాని ముడతలు పడ్డ వేళ్ళు, గోళ్ళ సందుల్లో పదహారేళ్ళ మట్టి. ఇలాంటి చేతులు రోజూ చూస్తూనే ఉన్నానే అనుకుని ఆవిడ సిగ్గుపడ్డారు.

కొండలరావుగారికి మాత్రం ఇంకో గుబులు పట్టుకుంది. "సరే, కేళీలే అనుకుందాం. ట్రయలు నారు ఈ మళ్ళోకి ఎలా వచ్చింది?"

"అది నాకు తెలీదండీ. కానీ మడంతా లేవు. ఒక్క మునుంలోనే ఉన్నాయి."

మునుం అంటే ఊడ్చేటప్పుడు ఒక్కొక్క ఆడమనిషి పట్టుకునే వరస. పదిమంది వంగి వెనక్కి నడుస్తూ ఊడుస్తుంటే ఎవరి మునుం వారిది.

కొండలరావుగారు నవ్వేశారు. "ఊడ్చి డెబ్భై రోజులైంది. దుబ్బులు కట్టి పైరంతా ఒకటైపోయింది. ఇప్పుడు మునుం ఎక్కడిదే సంతోషమ్మా?"

"పైరు ఒకటైతే మాత్రం చెయ్యి ఒకటవుద్దాండీ? ఎవరి చెయ్యి వాళ్ళదే."

ఆమె ఎగతాళి చేస్తోందనుకున్నారు ఆయన. చెయ్యడం లేదు. గట్టు మీది ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈ సంగతి ఆఫీసర్లకి తెలియదన్నది వాళ్ళకి అప్పుడే తెలిసినట్టుంది. అంకమ్మ చుట్ట నోట్లోంచి తీసి, "అదేంటండీ, మీ రాత మీరు గుర్తుపట్టరా?" అంది.

*

వెంకటస్వామిగారికి పరీక్షలు పెట్టడం అలవాటు. ఊరికే నమ్మే మనిషి కాదు. "నువ్వు ఊడ్పులకి రాని మడేదైనా ఉందా?" అని అడిగారు. తొమ్మిదో నంబరు మడి ఊడ్చిన రోజు సంతోషమ్మకి జ్వరం. కోడూరులో ఇంటి దగ్గరే పడుకుంది. హాజరు వేసే మస్టరులో కూడా ఆ రోజు ఆమె పేరు లేదు. అంకమ్మను దూరంగా తీసుకెళ్ళి, ఆ రోజు మునాలు ఎవరెవరు ఏ వరసలో పట్టారో చెప్పించుకుని డైరీలో రాసుకున్నారు. తరవాత అందరూ తొమ్మిదో నంబరు గట్టు మీదికి నడిచారు.

సంతోషమ్మ చీర ఎగదోపుకుని దిగింది. పైరుని రెండు చేతులా పక్కకి తీసుకుంటూ, మొదళ్ళు చూసుకుంటూ అడ్డంగా నడిచింది.

"ఇది అంకమ్మత్తది. అత్తది ఎడంచెయ్యి కదండీ, దుబ్బు కుడిపక్కకి ఒరిగుంటది. ఇది దుర్గది. దుర్గకి నాలుగేసి పిలకలు పెడితేగానీ తృప్తి ఉండదు, నారు దండగని ఎప్పుడూ తిడతాను. ఇదేమో బుల్లెమ్మ పిన్నిది. పిన్నికి నడుం నొప్పి, దూరం దూరంగా వేసుకుంటూ తొందరగా గట్టు చేరాలని చూస్తది."

గట్టు మీద బుల్లెమ్మ, "అందరిముందూ చెప్పాలా అది?" అని గొణిగింది. నలుగురూ నవ్వారు. వెంకటస్వామిగారు నవ్వలేదు. డైరీలో పేర్లకి ఎదురుగా టిక్కులు పెడుతున్నారు. నాలుగు. అయిదు. ఆరు.

ఏడో మునుం దగ్గర సంతోషమ్మ ఆగింది. ముందుకి పది అడుగులు వేసింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వంగింది.

"ఇది ఇద్దరు ఊడ్చారండీ. ఇక్కడిదాకా కృపమ్మ. కృపమ్మ లోతుగా నొక్కుద్ది. ఇక్కణ్ణించి ఎవరో కొత్తపిల్ల. ఎవరో నాకు తెలీదు. భయం భయంగా ఊడ్చింది, నీళ్ళకి దుబ్బులు సగం లేచిపోతే ఎవరో మళ్ళీ సర్దారు."

వెంకటస్వామిగారు డైరీ చూశారు. ఏడో మునుం కృపమ్మ అని ఒక్క పేరే ఉంది. "తప్పిందమ్మా," అన్నారు.

"తప్పలేదండీ." అన్నది అంకమ్మ. ఆమె మొహంలో రంగు మారింది. "నేనే మర్చిపోయాను. కృపమ్మకి ఆ రోజు కాలిలో గాజుపెంకు దిగింది. మధ్యలో గట్టెక్కేసింది. వాళ్ళ చెల్లెలు కూతురు, మొదటిసారి వచ్చింది, ఆ పిల్ల అందుకుంది. వెనకాలే నేను సర్దుకుంటూ వచ్చాను."

పైరు మీద గాలి వెళ్తున్న చప్పుడు వినపడుతోంది. డెబ్భై రోజుల పైచిలుకు కిందట ఒక పిల్ల బురదలో పడ్డ భయం ఇంకా ఆ మడిలో ఉంది, దాన్ని చదవగలిగే మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ప్రసన్నలక్ష్మిగారి చేతుల మీద రోమాలు లేచాయి. ఆ సంగతి ఆవిడే నాకు చెప్పారు, తరవాతెప్పుడో. ఆ మడి అంతకుముందు వందసార్లు చూశారట. ఆకుపచ్చగా ఒకటే పైరు కనపడేదట. ఆ రోజు తరవాత ఏ మడి చూసినా మనుషులు వరసగా వంగి కనపడేవారట.

కొండలరావుగారు కూడా టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "ముప్ఫై ఏళ్ళండీ," అన్నారు ఎవరితోనో కాకుండా. "ముప్ఫై ఏళ్ళు ఈ గట్ల మీదే నడిచాను."

వెంకటస్వామిగారు పెన్ను తీసి పరీక్ష కాగితం మీద సంతోషమ్మ పేరు రాశారు. "రండి, ఆరో నంబరుకి పోదాం," అన్నారు. "ఆ మునుం ఎవరిదో కూడా తేలిపోతే నా రిపోర్టు పూర్తవుతుంది."

ఎంత మామూలుగా అన్నారో ఆ మాట. అందరూ మామూలుగానే నడిచారు. ప్రసన్నలక్ష్మిగారైతే పండగలా నడిచారు. ఆవిడే ముందుండి, "చెప్పు సంతోషమ్మా, ఇది ఎవరి చెయ్యి?" అని అడిగారు.

*

సంతోషమ్మ ఆరో నంబరులోకి దిగింది. దుబ్బులు పీకిన గుంటల్లో నీళ్ళు నిలబడ్డాయి. ఆ గుంటల పక్కనే వంగింది. పరీక్షప్పుడు ఈ మునుంలోనూ తిరిగిందిగానీ అప్పటిదాకా ఆమె చూసింది ఆకు, నాటు కాదు. ఇప్పుడు నాటు చూసింది. రెండు అడుగులు వేసింది. ఇంకో రెండు వేసింది. ఆగిపోయింది.

మూడేసి పిలకలు. జానెడు ఎడం, వెంట్రుకవాసి తేడా లేదు. ప్రతి దుబ్బు మొదట్లోనూ మట్టి చిన్నగా ఎత్తి సర్ది ఉంది. నాటాక రెండు వేళ్ళతో మట్టి దగ్గరికి తొయ్యడం ముఠాలో ఒక్కరికే అలవాటు.

ఆమెకి ఊడ్పుల ఆఖరి సాయంత్రం గుర్తొచ్చింది. వాన. అవనిగడ్డ బస్సుకి టైమైపోతోందని అందరూ గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆఖరి మునుం ఆమెది. నారు అయిపోయింది, తూము మూలన రెండు మంచాలంత చోటు ఖాళీగా మిగిలింది, మునుం పొడుగునా అక్కడక్కడా సందులూ మిగిలాయి. దివిసీమ ముఠాలో ఒక పట్టింపు ఉంది. మడిలో ఖాళీ వదిలి గట్టెక్కకూడదు. వదిలిన చెయ్యి మరుసటేడు పనిలేక ఖాళీగా ఉంటుందంటారు. గుడివాడ వాళ్ళకీ, బంటుమిల్లి వాళ్ళకీ ఈ పట్టింపు లేదు, వాళ్ళు మర్నాడొచ్చి నింపుకుంటారు. సంతోషమ్మ వానలో పరుగెత్తి, గట్టవతల నారుమడిలో మిగిలిన కట్టలు తెచ్చి, మూల నింపి, సందులన్నీ నింపి మరీ బస్సెక్కింది. ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయింది కూడా. ఆ నారుమడి ట్రయలుదని చెప్పే కొయ్యపలక వానకి పడిపోయి బురదలో ఉంది. నారుగా ఉన్నప్పుడు స్వర్ణకీ పదిహేడో నంబరుకీ ఏ చేతికీ తేడా తెలియదు.

"ఏం సంతోషమ్మా?" అన్నారు ప్రసన్నలక్ష్మిగారు.

సంతోషమ్మ తలెత్తలేదు.

ఇక్కడ కొండలరావుగారు ఒక మాటన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. కానీ విత్తనం విషయంలో ఆయనకి కన్నతల్లయినా ఒకటే. "ఎవరిదైనా సరే దాచకుండా చెప్పు. విత్తనం మడి కల్తీ చేసిన చెయ్యి ఇక ఈ ఫారంలో నారు పట్టడానికి వీల్లేదు. రేపటినుంచి గేటు దాటనివ్వను. అయ్యా, అది కూడా రిపోర్టులో రాయండి."

వెంకటస్వామిగారు తల ఊపారు. రూలు ప్రకారం అది సబబే.

తెలీదని ఒక్కమాటంటే చాలు. ఆ మడిలో చేతులు చదవగలిగేది ముఠావాళ్ళే, వాళ్ళెవరూ నోరు విప్పరు. ఉద్యోగం కాగితం మీద సగం రాసి ఉంది. ఫిబ్రవరి నాలుగు నెలల్లో ఉంది.

"నాదండీ," అన్న మాట గట్టు మీంచి వచ్చింది.

అంకమ్మ. చుట్ట పారేసి ముందుకొచ్చింది. "ఆ మునుం నాది. నేనే తెలీక వేరే నారు పెట్టాను. రాసుకోండి, అరవై దాటిన దాన్ని, ఇక రాకపోతే ఏమైంది నాకు."

కొండలరావుగారు నిట్టూర్చి జేబులోంచి పుస్తకం తీశారు. ప్రసన్నలక్ష్మిగారు మాత్రం గట్టంచున ఉన్న దుబ్బుల వంక చూస్తూ ఉండిపోయారు. గంట కిందటైతే ఆవిడకీ తెలిసేది కాదు. దుబ్బులు ఏ పక్కకీ ఒరగలేదు. నిటారుగా ఉన్నాయి. మొదట్లో మట్టి సర్ది ఉంది. ఆవిడ నెమ్మదిగా సంతోషమ్మ వైపు చూశారు. సంతోషమ్మ ఆవిడ కళ్ళలోకి చూసింది. ఇద్దరికీ అర్థమైంది. ప్రసన్నలక్ష్మిగారు నోరు విప్పలేదు. ఆ మౌనానికి ఏ పేరు పెట్టాలో నేను చెప్పలేను. మీరైతే ఏం చేసేవారో ఆలోచించుకోండి.

"మేనేజరుగారూ, రాయకండి," అంది సంతోషమ్మ. "అంకమ్మత్త ఎడంచేతి మనిషి. ఇందాకే కదా చెప్పాను. ఈ చెయ్యి అత్తది కాదు. నాదండీ."

"ఒసే నోరుముయ్యవే," అంది అంకమ్మ. ఏడుస్తోంది.

"ఆఖరిరోజు ఖాళీ వదలకూడదని గట్టవతల నారు తెచ్చి నింపాను. పలక లేదక్కడ. స్వర్ణే అనుకున్నాను. తప్పు నాదే."

వెంకటస్వామిగారి చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకదాని మీద ఈ ఫారంలో ఇంతకు మించిన పనిమంతురాలు లేదని రాయాలి. రెండోదాని మీద ఈ మనిషిని గేటు దాటనివ్వకూడదని రాయాలి. రెండింటికీ సాక్ష్యం ఒక్కటే, ఆమె నోటిమాట. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో ఆయనకి ఇలాంటి చిక్కు రాలేదు. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

"నీకు ఆ పోస్టు అక్కర్లేదా అమ్మా?" అన్నారు.

"ఎందుకక్కర్లేదండీ. పదహారేళ్ళనుంచి దానికోసమే చూస్తున్నాను." చెంగుతో మొహం తుడుచుకుంది. "అది మీరు తరవాత రాసుకోండి. ముందు ఇంకో సంగతుంది. నేను ఆ రోజు నాలుగు కట్టలు తెచ్చాను. నాలుగు కట్టలంటే తక్కువలో తక్కువ నాలుగువందల దుబ్బులు. గంటలో నలభై మూడే తీశాను, మునుం మొదట్లోనే ఉన్నాను. మిగతావన్నీ ఈ మళ్ళోనే ఉన్నాయి."

కొండలరావుగారి చేతిలో పుస్తకం జారి గట్టు మీద పడింది. ఆయన వంగి ఒక స్వర్ణ పిలక తెంచి పొట్ట చీల్చి చూశారు. లోపల వెన్ను నిండుగా, తెల్లగా, బయటికి రావడానికి సిద్ధంగా ఉంది. రేపు పొద్దున ఎండెక్కేసరికి మొదటి వెన్నులు బయటపడతాయి. ఈనితే ఆకు తేడా పోతుంది. పూత విచ్చితే పుప్పొడి పక్కదానికి అంటుతుంది. తరవాత సంతోషమ్మ కాదు, ఎవరి చెయ్యీ వాటిని పట్టలేదు. నలభై ఊళ్ళకి పోవాల్సిన విత్తనం మడి అది.

"అంకమ్మా, మీవాళ్ళెవరైనా తీయగలరా?" అన్నారు ఆయన.

"మునుం చూపిస్తామండీ. కానీ మునుంలో స్వర్ణ కూడా ఉంది కదా. ఆకు పట్టుకుని ఏది ఏదో చెప్పడం మాకెవరికీ రాదు. దానికొక్కదానికే వచ్చు."

అందరూ కొండలరావుగారి వంక చూశారు. గేటు దాటనివ్వనన్న మనిషి ఆయనే. ఆయన ప్రసన్నలక్ష్మిగారి వంక చూశారు. సూర్యుడు తాటితోపు వెనక్కి వాలాడు, మహా అయితే రెండు గంటల వెలుగుంది.

సంతోషమ్మ ఒక్కరి మొహమూ చూడలేదు. పైరునే చూస్తోంది.

"నా చెయ్యి ఇక మడిలో పెట్టకూడదన్నారు కదండీ," అంది. "దిగమంటారా?"